ఒకే పెట్టెలో మూడు కాపీలు

"పాత స్కాన్ ఏదైనా ఉందా?" అని ఛాతీ డాక్టరమ్మ అడగ్గానే, తెలిసిన ప్రశ్న వచ్చిన బడిపిల్లలా టక్కున చెప్పేశాను.

"ఉందండీ. ఇంట్లో కంప్యూటర్‌లో ఉంది."

పక్కన అమ్మ కుర్చీలో కాస్త నిటారుగా సర్దుకుంది. వెనకాల నిలబడ్డ నాన్న ఊరుకోలేకపోయాడు. "మా అమ్మాయి డిగ్రీ చదివిందండీ. మా ఇంటా వంటా ఇదే మొదలు. చిన్న కాగితమ్ముక్క కూడా పోనివ్వదు."

డాక్టరమ్మ తలూపి, తెరని మా వైపు తిప్పింది. నల్లగా రెండు ఊపిరితిత్తులు, వాటి నిండా కొమ్మల్లా తెల్లటి గీతలు. కుడివైపు, గుండెకి దగ్గర్లో, బఠాణీ గింజంత మచ్చ. అమ్మని పట్టుకుని వదలని దగ్గు కోసం తీసిన స్కాన్ అది. దగ్గు మందుకి పోయింది. మచ్చ మిగిలింది.

"మీరు పనిచేసే లాండ్రీలో నిచ్చెన మీంచి పడ్డప్పుడు కూడా స్కాన్ తీశారన్నారు కదమ్మా. అప్పుడు వాళ్ళు పక్కటెముకలు విరిగాయేమో అని చూసుంటారు. ఇలాంటి మచ్చ ఉన్నా ఎవరూ పట్టించుకుని ఉండరు. అందుకని రిపోర్టులో లేదంటే అసలు లేదని కాదు. ఆ బొమ్మలు నాకు కావాలి. అప్పుడూ ఇదే మచ్చ ఇంతే ఉంటే, ఎప్పుడో వచ్చి మానిపోయిన గాయం గుర్తు. దాని జోలికి పోం. అప్పుడు లేకపోయినా, ఇంతకంటే చిన్నదిగా ఉన్నా, పెరుగుతోందని అర్థం. సూదితో ముక్క తీసి పరీక్షిద్దామంటే అందని చోట ఉంది. ఛాతీ తెరిచి తియ్యాలి."

"బొమ్మలు దొరక్కపోతే?" అంది అమ్మ.

"దొరక్కపోతే పెరుగుతోందనే అనుకోవాలి." డాక్టరమ్మ అమ్మ చెయ్యి మీద చెయ్యి వేసింది. "మీకు ఆయాసం ఉంది. మత్తిచ్చి ఛాతీ తెరిస్తే ఎలా తట్టుకుంటారో నేను ఇప్పుడే చెప్పలేను. అవసరం లేకుండా ఆ పని చెయ్యడం నాకిష్టం లేదు. సోమవారం తీసుకురండి."

పాత ఆసుపత్రిలో అడుగుదామంటే అది మూతపడింది. ఇప్పుడా భవనంలో సోఫాలూ మంచాలూ అమ్ముతున్నారు. "అప్పుడూ మంచాలే, ఇప్పుడూ మంచాలే. వ్యాపారం మారలేదు," అంది అమ్మ మెట్లు దిగుతూ. నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. స్కాన్ మా దగ్గరే ఉందన్న ధీమా.

మా కంప్యూటర్ ముందుగదిలో, కిటికీ పక్కన ఉంటుంది. నేను కాలేజీలో చేరినప్పుడు, సామాను అమ్ముకుంటున్న ఓ ఆఫీసు నుంచి నాన్న తెచ్చాడు. లాండ్రీలో చిరిగి పక్కన పడేసిన దుప్పటితో అమ్మ దానికి ముసుగు కుట్టింది. నేను చదివింది వృక్షశాస్త్రం. కానీ మా ఇంట్లో చదువంటే చదువే. కరెంటు బిల్లు మొదలుకుని కంప్యూటర్ దాకా అన్నీ నా శాఖే.

శనివారం పొద్దున్న ముసుగు తీసి స్విచ్ వేశాను. ఎప్పుడూ నెమ్మదే కానీ ఈసారి మరీ నెమ్మది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. అప్పుడు వినపడింది.

టిక్. టిక్. టిక్.

పెట్టె లోపల ఎవరో గోటితో రేకుని కొడుతున్నట్టు. ఆగింది. సన్నగా ఓ మూలుగు. మళ్ళీ టిక్. టిక్.

"బల్లి దూరిందేమోనే," అంది అమ్మ వంటింట్లోంచి.

తెర తెరుచుకుంది. 'అమ్మ స్కాన్ - జాగ్రత్త' అన్న ఫోల్డర్ నొక్కాను. లోపల వరసగా ఫైళ్ళు, నంబర్లతో సహా. హమ్మయ్య అనుకుని మొదటిది నొక్కాను. చుక్కలు తిరిగాయి. చదవడం కుదరలేదని వచ్చింది. రెండోది నొక్కాను. ఈసారి ఏమీ రాలేదు. బాణం గుర్తు కూడా కదల్లేదు. తెర మొత్తం బిగుసుకుపోయింది. లోపల మాత్రం టిక్, టిక్, టిక్.

లేచి వంటింటి వైపు తిరిగాను.

"అమ్మా, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన సీడీ ఎక్కడుంది?"

"నువ్వేగా ఎక్కించేశాను, ఇక దాంతో పనిలేదన్నావు?" అంటూ బాల్కనీ వైపు చూపించింది.

బట్టలారేసే తీగకి దారం కట్టి సీడీ వేలాడుతోంది. పావురాలు రాకుండా అమ్మ కట్టింది. ఎండకీ వానకీ దాని మీద వెండి పూత పొరలు పొరలుగా ఊడిపోయింది. చేతిలోకి తీసుకుని చూస్తే దాంట్లోంచి ఎదురింటి కిటికీ కనపడింది. కింద కమ్మీ మీద పావురం ఒకటి తాపీగా కూచుని ఉంది.

"వాటికి కూడా దాని భయం పోయింది," అంది అమ్మ. నా మొహం చూసి, గొంతు తగ్గించింది. "ఏమైందే? మూడు కాపీలు చేశానన్నావుగా అప్పుడు?"

చేశాను. ముఖ్యమైనవి మూడు చోట్ల ఉండాలని ఎక్కడో చదివి, చెప్పింది చెప్పినట్టు చేశాను. ఒకటి సి డ్రైవ్‌లో, ఒకటి డి డ్రైవ్‌లో, ఒకటి ఇ డ్రైవ్‌లో. తెర మీద అవి మూడు వేర్వేరు అరల్లా కనపడతాయి, వేర్వేరు పేర్లతో. ఆ టిక్ టిక్ వింటూ నిలబడ్డప్పుడు గానీ నాకు తట్టలేదు. అరలు మూడే గానీ బీరువా ఒక్కటి. అది కూలిపోతోంది.

నాన్న వచ్చి చెవి ఆనించి విన్నాడు. సిటీ బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి. ఆయనకి అన్ని యంత్రాలూ బస్సులే.

"హార్డ్ డిస్క్ పోతోంది నాన్నా. కరెంటు ఆపెయ్యాలి," అన్నాను. ఫోన్‌లో వెతికితే అందరూ అదే రాశారు.

"ఆపకు!" నాన్న స్విచ్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ముక్కుతున్న ఇంజన్ని దారిలో ఆపకూడదమ్మలూ. ఆపితే మళ్ళీ లేవదు. మూలుగుతూ అయినా డిపో చేర్చాలి. ఎన్ని బండ్లు అలా చేర్చానో నాకు తెలుసు."

"ఇది బండి కాదు నాన్నా."

"తిరిగేదేదైనా బండే."

నేను గట్టిగా వాదించి ఉండాల్సింది. కానీ ఆపితే మళ్ళీ లేవదన్న మాట నా గుండెల్లో దిగబడింది. నాకూ ఆపే ధైర్యం లేదు. "సరే, ముట్టుకోకండి, నేను రిపేరు షాపతన్ని అడిగొస్తాను," అని చెప్పులేసుకున్నాను. నేను తలుపు దాటుతుంటే నాన్న టేబుల్ ఫ్యాన్ తెచ్చి కంప్యూటర్‌కి ఎదురుగా పెడుతున్నాడు, వేడెక్కిన రేడియేటర్‌కి గాలి పట్టినట్టు.

షాపు రెండు స్టాపుల అవతల, చెప్పుల కొట్టుకీ మందుల కొట్టుకీ మధ్య. షట్టర్ సగం దించి ఉంది. భోజనానికి వెళ్ళాడట. మెట్టు మీద ముళ్ళ మీద కూచున్నట్టు కూచున్నాను. అతను పళ్ళు కుట్టుకుంటూ వచ్చాడు. లోపల మంచమంత వెడల్పు గది. గోడ పొడుగునా పొట్టలు తెరిచిన కంప్యూటర్లు, గిన్నెనిండా మరలు, కాలిన తగరం వాసన.

నేను చెప్పడం మొదలుపెట్టాను. టిక్ టిక్ అనగానే అతని చేతిలో పుల్ల ఆగిపోయింది.

"ఇప్పుడది ఆన్‌లో ఉందా, ఆఫ్‌లో ఉందా?"

"ఆన్‌లోనే. మా నాన్న కాపలా ఉన్నారు."

"కాపలా ఏంటి మేడం, పారిపోతుందనా?" అన్నాడు. మళ్ళీ వెంటనే, "లోపల అద్దంలాంటి పళ్ళేలు తిరుగుతుంటాయి. వాటికి తగలకుండా, వెంట్రుక దూరేంత సందు కూడా లేకుండా ఓ ముల్లు కదులుతుంటుంది. అది చదివితేనే మీకు ఏదైనా కనపడేది. ఆ చప్పుడంటే ముల్లు దారి తప్పి గోడకేసి కొట్టుకుంటోందన్నమాట. పళ్ళేన్ని గీకిందో, గీకినచోట ఉన్నది బూడిదే. ముందు ఆపించండి!"

ఫోన్ చేశాను. నాన్న ఎత్తలేదు. ఒక చెయ్యి ఫ్యాన్ మీద, ఒక చెయ్యి స్విచ్ మీద, ఇక ఫోన్ ఏ చేత్తో ఎత్తుతాడని తర్వాత అమ్మ అంది. అమ్మ ఫోనేమో చార్జింగ్‌లో. బస్సు కోసం ఆగకుండా పరిగెత్తాను.

మెట్ల మీదే వినపడింది. ఇప్పుడు టిక్ కాదు, టక్. టక్. నాన్న ముందు స్టూలు మీద కూచుని, రోగి పక్కన కూచున్నట్టు దాన్నే చూస్తున్నాడు.

"లే నాన్నా. ఆపాలి."

"పొద్దున్నించీ ఆగకుండా నడుస్తోంది చూడు. నేను ఆపనివ్వలేదు," అన్నాడు, మెచ్చుకుంటానేమో అన్నట్టు.

అతను చెప్పిందంతా చెప్పాను. ముల్లు, పళ్ళెం, గీతలు. చెబుతున్నకొద్దీ నాన్న మొహంలో రంగు దిగిపోయింది. స్విచ్ మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. ఇప్పుడది మొండితనం కాదు, ఏం చెయ్యాలో తెలియని భయం.

"లేవకపోతే?" అన్నాడు.

"తెలీదు నాన్నా."

"మీ అమ్మ ఛాతీ అమ్మలూ."

"అందుకే."

చెయ్యి తీశాడు. నేను స్విచ్ నొక్కి పట్టుకున్నాను. టక్... మూలుగు దిగుతూ దిగుతూ సన్నబడి పోయింది. గది ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ ఊపిరి వినపడింది. పీల్చేటప్పుడు చివర్లో పిల్లనగ్రోవి లాంటి సన్నటి చప్పుడు. అది ఎప్పటినుంచో ఉంది. అంత స్పష్టంగా నేనెప్పుడూ వినలేదు.

నాన్న స్క్రూడ్రైవర్ తెచ్చిచ్చాడు. పక్క రేకు విప్పాను. దుమ్ము. హార్డ్ డిస్క్‌కి తగిలించిన వైరు వదులైతే కూడా ఇలా అవుతుందని చదివాను. వైరు వదులుగా ఉంటే బాగుండునని ఎంత కోరుకున్నానో! వేలితో నొక్కి చూశాను. ఇనుములా బిగుసుకుని ఉంది. మరలు తీసి డిస్క్‌ని బయటికి లాగాను. అరచేతిలో పట్టేంత పెట్టె. అమ్మ దాని మీద చేతి వెనకభాగం ఆనించింది, లాండ్రీలో ఇస్త్రీపెట్టె వేడి చూసినట్టే.

"పట్టుబట్టకి సరిపోతుంది ఈ వేడి," అంది.

తువ్వాల్లో చుట్టాం. నేను పట్టుకుంటానంటే అమ్మ ఇవ్వలేదు. "నా ఊపిరితిత్తులు నేనే మోసుకుంటాను. నువ్వు కంగారులో జారవిడుస్తావు." బస్సులో కిటికీ పక్కన సీట్లో, ఒళ్ళో మూట పెట్టుకుని, రెండు చేతులూ అడ్డం వేసుకుని కూచుంది. నాన్న సీటున్నా కూచోకుండా డ్రైవర్ వెనక నిలబడ్డాడు. "గుంత వస్తోంది నాయనా, మెల్లగా. ఆ, అలా క్లచ్ తొక్కు," అంటూ.

"మీకు లైసెన్సు ఉంటే మీరే నడపండి పెద్దాయనా," అన్నాడు డ్రైవర్.

"ఉంది," అన్నాడు నాన్న.

షాపతను అమ్మని స్టూలు మీద కూచోబెట్టి, డిస్క్‌ని బల్ల మీద మెత్తటి గుడ్డ మీద పెట్టాడు. "ముందు వైరు అనుమానం, కరెంటు అనుమానం తీర్చుకుందాం," అని తన వైర్లే తగిలించి, తన కంప్యూటర్‌లోంచి కరెంటు ఇచ్చాడు.

ఏమీ లేదు. టిక్ లేదు, టక్ లేదు, మూలుగు లేదు. వేలు ఆనించి చూశాడు. "తిరగట్లేదు," అన్నాడు.

నాన్న నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను ముందే అనలేదా అని ఒక్క మాటంటే నాకు కాస్త తేలికయ్యేది. నా చేత్తోనే ఆపాను. అమ్మ ప్రాణాన్ని నా బొటనవేలితో నొక్కి ఆర్పేశానన్న ఊహ వచ్చి, గోడ పట్టుకున్నాను.

"ఏవండీ, అనేదేదో అనెయ్యండి, లోపల దాచుకోకండి," అంది అమ్మ నాన్నతో.

"ఏమనను? పొద్దున్నించీ గీకించింది నేను. ఆపింది అది. ఎవర్నని అననోయ్?"

షాపతను కరెంటు తీసేసి, డిస్క్ చల్లారేదాకా మమ్మల్ని కూచోమన్నాడు. ఎవరో ఒకతను కీబోర్డు బాగుచేయించుకోవడానికి వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. అతన్నీ ఆగమన్నాడు. తర్వాత డిస్క్‌ని అరచేతిలో పడుకోబెట్టి, తాళంచెవి తిప్పినట్టు మణికట్టుతో చటుక్కున ఓ తిప్పు తిప్పాడు. "ఒక్కోసారి లోపల పట్టేస్తుంది. ఇదో మొరటు వైద్యం. పని చేస్తుందని మాటివ్వను." మళ్ళీ వైరు తగిలించాడు.

స్స్స్... అంటూ సన్నగా మొదలై, పెరిగి, నిలబడింది.

తెర మీద డిస్క్ ఆరోగ్యం చూపించే పట్టీ వచ్చింది. దాదాపు అంతా ఎరుపు.

"పోయే ప్రాణమే ఇది," అన్నాడతను గొంతు తగ్గించి. "ఎంతసేపు నిలబడుతుందో తెలీదు. అన్నీ అడక్కండి. ఒక్కటి చెప్పండి, ముందు అదే లాగుతాను."

నా సర్టిఫికెట్లన్నీ అందులోనే ఉన్నాయి. నేను పట్టా పుచ్చుకున్న రోజు అమ్మా నాన్నా నాకు చెరోపక్కన నిలబడి దిగిన ఫొటో ఉంది. "స్కాన్," అన్నాను. "స్కాన్ ఒక్కటే."

"ఎక్కడుంది?"

"సి లో ఉంది. డి లో ఉంది. ఇ లో కూడా ఉంది."

అతను నా వైపు తిరిగి చూశాడు. అంత భయంలోనూ నవ్వాపుకోలేకపోయాడు. "ఒకే జేబులో మూడు పర్సులు పెట్టుకుని జేబుదొంగని గెలిచాననుకున్నారా మేడం?"

"దానికి తెలిసింది అది చేసింది. నువ్వు పని చూడు బాబూ," అంది అమ్మ.

సి నుంచి మొదలుపెట్టాడు. చదవగలిగిన ఫైలు వస్తోంది, రానిదాన్ని వదిలేసి పక్కదానికి వెళుతోంది. పచ్చ గీత కాస్త కాస్త జరిగింది. అది పూర్తయ్యేసరికి చాలా బొమ్మలే వచ్చాయి. కానీ మధ్యలో కొన్ని నంబర్లు లేవు. డాక్టరమ్మ ఇచ్చిన కొత్త స్కాన్ సీడీ నా సంచిలో ఉంది. అతను రెంటినీ పక్కపక్కన తెరిచాడు. ఛాతీని మెడ నుంచి కిందికి రొట్టెలా ముక్కలు కోసి ఒక్కో ముక్కనీ చూపిస్తున్నట్టు ఉంటాయి ఆ బొమ్మలు. కొత్తదాంట్లో మచ్చ ఉన్న ముక్క దగ్గర ఆపి, పాతదాంట్లో అదే ఎత్తుకి వచ్చాడు.

సరిగ్గా అక్కడే లేదు. ముందు ముక్క ఉంది, తర్వాత ముక్కలున్నాయి. మచ్చ ఉండాల్సిన చోట వరసగా మూడు నంబర్లు మాయం.

"డి లో చూద్దాం," అన్నాడు. డి లో ఆ మూడే కాదు, వాటి చుట్టూ ఉన్నవీ పోయాయి. అప్పుడే మళ్ళీ మొదలైంది. టిక్. టిక్.

అతని చెయ్యి వైరు మీదకి వెళ్ళింది. "వేడెక్కింది. ఆపి, చల్లారనిచ్చి..."

"ఆపకు బాబూ," అన్నాడు నాన్న.

"బాబాయ్ గారూ, ఇది బస్సు కాదు."

"తెలుసు. పొద్దున్న తెలీలేదు, ఇప్పుడు తెలుసు. ఒక్క మాట చెప్పు. ఆపితే మళ్ళీ లేస్తుందా?"

అతను పెదవి విరిచాడు. తర్వాత ముగ్గురూ నా వైపు చూశారు.

చదువుకున్నందుకు ఇలాంటి సమయంలో అందరూ నావైపే చూస్తారు. నాకేం తెలుసు? పొద్దున్న ఊరికే నడుస్తూ గీక్కుంటోంది, దాన్నుంచి మాకేమీ రావట్లేదు. ఇప్పుడు గీక్కుంటున్నా కూడా ఇస్తోంది. నాకు తెలిసిన తేడా అదొక్కటే.

"ఆపొద్దండీ," అన్నాను. "ఇ లోంచి అన్నీ అడక్కండి. ఆ లేని మూడు నంబర్లే అడగండి. కాపీలు మూడూ పళ్ళెం మీద ఒకేచోట ఉండవు కదా?"

"ఉండవు," అన్నాడతను నెమ్మదిగా. వైరు వదిలేసి కీబోర్డు మీద వంగాడు.

మొదటి నంబరు. టిక్. టిక్. టిక్. చుక్కలు తిరిగాయి. నాన్న ఎప్పుడు పట్టుకున్నాడో, నా భుజం నొక్కేస్తున్నాడు. వచ్చింది.

రెండో నంబరు. టక్. టక్. కర్ర్... అమ్మ కళ్ళు మూసుకుంది. పచ్చ గీత సగంలో నిలిచిపోయింది. నిలిచిపోయి, చివరికి జరిగింది. వచ్చింది.

మూడో నంబరు నొక్కాడు. లోపల ఏదో గీరుకున్న చప్పుడు, తర్వాత ఏమీ లేదు. తెర మీద సి, డి, ఇ మూడూ ఒక్కసారే మాయమయ్యాయి. అతను వేలు ఆనించి చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ మణికట్టు తిప్పాడు, మళ్ళీ వైరు మార్చాడు. ఇక లేవలేదు.

ఆ మూడింట్లో రెండు బొమ్మలు. అంతే మా చేతిలో ఉన్నది.

"తెరవనా?" అన్నాడు.

"ఆగు," అంది అమ్మ. "ఒసేయ్, సరిగ్గా చెప్పు. ఇప్పుడు మనకి మచ్చ ఉండాలా, ఉండకూడదా?"

"ఉండాలమ్మా."

"ఉండాలా!"

"అప్పుడు ఉంటేనే ఇప్పుడు భయం లేదు."

"సరే. ఉండనీ అయితే."

కన్నతల్లి ఛాతీలో మచ్చ ఉండాలని కోరుకునే రోజు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంత గట్టిగా నేను ర్యాంకు కూడా కోరుకోలేదు.

మొదటి బొమ్మ. నల్లగా, కొమ్మలు కొమ్మలుగా. మచ్చ లేదు. రెండో బొమ్మ తెర మీద పైనుంచి కిందికి మెల్లగా పరుచుకుంది. గుండె అంచు. దాని పక్కన ఊపిరి గొట్టం. దాని పక్కన...

"ఉంది!" అని అరిచాను.

"ఉందా? ఉందా?" నాన్న తెర మీదకి పడిపోయాడు. "ఉందోయ్! ఉంది! బంగారంలా ఉంది!"

కౌంటర్ దగ్గర కీబోర్డు పట్టుకున్నతను మెడ సాచాడు. "ఏం దొరికిందండీ?"

"మా ఆవిడ ఊపిరితిత్తుల్లో మచ్చ!" అన్నాడు నాన్న, కళ్ళనీళ్ళతో నవ్వుతూ. అతను కీబోర్డుని గుండెకి హత్తుకుని ఓ అడుగు వెనక్కి వేశాడు.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. పాత బొమ్మా కొత్త బొమ్మా పక్కపక్కన పెట్టి చూస్తుంటే, పాత మచ్చ కాస్త చిన్నదిగా అనిపించింది. మళ్ళీ చూస్తే సమానంగా అనిపించింది. నాన్న చిటికెనవేలు గోరు పెట్టి కొలిచాడు. ఒకసారి సరిపోయింది, ఒకసారి సరిపోలేదు. "బొమ్మ పెద్దది చేసిన కొద్దీ మచ్చా పెద్దదవుతుంది బాబాయ్ గారూ, మనం చూసి చెప్పేది కాదిది," అన్నాడు షాపతను. బొమ్మలన్నీ మూడు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, మా ముగ్గురి చేతుల్లో తలా ఒకటి పెట్టాడు. చచ్చిన డిస్క్‌ని అమ్మ మళ్ళీ తువ్వాల్లోనే చుట్టుకుంది.

స్టాపులో బస్సు ఆగితే నాన్న మమ్మల్ని ఎక్కనివ్వలేదు.

"ముగ్గురం ఒకే బస్సెక్కితే, మూడు కాపీలూ మళ్ళీ ఒకే పెట్టెలో ఉన్నట్టే కదా?" అన్నాడు. వేళాకోళం కాదు. మమ్మల్ని ఆపి తనొక్కడే ఎక్కాడు. మేం తర్వాత బస్సులో వెళ్ళాం. సోమవారం ఆసుపత్రికి కూడా ఆయన ముందు బస్సులోనే బయల్దేరాడు. ఆదివారమంతా నేను ఏ పని చేస్తున్నా చెవులు మాత్రం అమ్మ వెనకాలే తిరిగాయి. మెట్లెక్కితే వినేదాన్ని. బట్టలు పిండితే వినేదాన్ని. పీల్చేటప్పుడు చివర్లో ఆ సన్నటి చప్పుడు పెరిగిందా, అంతే ఉందా? అదీ నా చేతకాని కొలతే.

"నాలో టిక్ టిక్ మంటోందా ఏం?" అంది అమ్మ విసుక్కుని.

డాక్టరమ్మ నా పెన్‌డ్రైవ్ తీసుకుంది. పాత బొమ్మా కొత్త బొమ్మా పక్కపక్కన పెట్టి, ముందుకీ వెనక్కీ జరిపి, కొత్త మచ్చకి ఈ చివర్నుంచి ఆ చివరికి ఓ గీత గీసింది. పాతదానికీ గీసింది. గీతల పక్కన పడ్డ అంకెలు నాకు కనపడుతున్నాయి గానీ కళ్ళు చెమ్మగిల్లి ఆనలేదు. ఆవిడ అడ్డంగా కొలిచింది, నిలువుగా కొలిచింది.

"ఇది అదే," అంది.

"అదే అంటే?" అన్నాడు నాన్న.

"అప్పటిదే. పెరగలేదు."

అమ్మ చీర కొంగు సర్దుకుంది. సర్దుకుని, మళ్ళీ సర్దుకుంది.

"దీని ముందు ముక్క ఉంది గానీ తర్వాతది లేదేం?" అంది డాక్టరమ్మ.

"ఇంతే బతికిందండీ," అన్నాను.

"అదృష్టవంతులు. కావాల్సిన ముక్కే బతికింది. పక్కది కూడా ఉంటే నూటికి నూరు పాళ్ళూ చెప్పేదాన్ని. ఇప్పుడు కోత మాత్రం వద్దు. కొన్ని నెలలాగి ఇంకోసారి స్కాన్ తీసి చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే ఇక మర్చిపోవచ్చు. ఈ బొమ్మలు జాగ్రత్త. ఈసారి ఎక్కడ దాస్తారు?"

"ఒకటి ఇది పనిచేసే ఆఫీసులో, ఒకటి మా లాండ్రీలో నా అరలో," అంది అమ్మ. "మూడోది మీరే ఉంచుకోండమ్మా. మా ఇంట్లో పావురాలున్నాయి."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. అయినా నవ్వింది.

మెట్లు దిగుతున్నాం. నాన్న ముందు, మధ్యలో అమ్మ, వెనక నేను. మలుపు దగ్గర అమ్మ దగ్గింది. ఒక్కసారే, చిన్నగా. నాన్న కాలు గాల్లోనే ఆగిపోయింది. నేను కమ్మీ పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాను. ఇద్దరం ఆవిడనే చూస్తున్నాం, ఇంకోటి వస్తుందేమో అని వింటూ.

"ఏంటా చూపులు? దుమ్ము," అంది అమ్మ. నాన్న వీపు మీద అరచెయ్యి పెట్టి ముందుకి తోసింది. "దారిలో ఆపకండి. నడవండి."